పోలీసుల దగ్గరికి వెళ్ళానని ఊరు తప్పు వేసింది, కట్టాలా?

ప్రశ్న: మాది విశాఖ తీరంలో ఒక మత్స్యకార పల్లె. నాకు 31 ఏళ్ళు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క మళ్ళీ వేటకే వచ్చాను. ఇంజను బిగించిన ఫైబర్ తెప్ప ఉంది, ముగ్గురం జట్టు. పాత గొడవ మనసులో పెట్టుకుని మా ఊరి కుర్రాడొకడు రెండు నెలల క్రితం రాత్రిపూట నా ఇంజను పగలగొట్టాడు. బాగు చేయించడానికి 60 వేలు దాటింది. స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చాను. పెద్దలకు చెప్పకుండా స్టేషన్‌కి వెళ్ళకూడదన్నది మా ఊరి కట్టుబాటు. రామాలయం దగ్గర కూర్చుని నాకు 50 వేలు తప్పు (జరిమానా) వేశారు, కంప్లయింట్ వెనక్కి తీసుకోమన్నారు. అప్పటిదాకా నా తెప్ప ఎవరూ ఎక్కకూడదనీ, ఎక్కినవాళ్ళకీ తప్పు పడుతుందనీ, మా అమ్మని చేపల పాటలోకి (వేలంలోకి) రానివ్వకూడదనీ చాటింపు వేశారు. మళ్ళీ స్టేషన్‌కి వెళ్తే 'మీ పెద్దల దగ్గరే తేల్చుకోండి' అంటున్నారు. నాన్నేమో కట్టెయ్యమంటున్నాడు. 'హుద్‌హుద్ తుపాను నాడు మన ఇంటి కప్పు లేచిపోతే గవర్నమెంటు వచ్చిందా? ఊరొచ్చింది' అంటాడు. రాజ్యాంగం ఇచ్చిన హక్కుని తీసేసే అధికారం ఊరికి ఎవరిచ్చారు? ఊరు వదిలి వెళ్ళిపోవడమే మేలా?

జవాబు: తప్పు కట్టకండి. ఊరూ వదలకండి. మీ నాన్నగారి మాటని మాత్రం కొట్టిపారేయకండి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన వాక్యం ఆయనదే కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడింది. ప్రభుత్వం రాకపోలేదు, వచ్చింది. కాకపోతే జాబితా పట్టుకుని వచ్చింది. రాజ్యం పని చేసే తీరే అది. ఎవరు నష్టపోయారు, ఎంత పోయింది, రుజువేమిటి అని రాసుకున్నాకే దాని చెయ్యి కదులుతుంది. ఊరికి రాసుకోవాల్సిన పని లేదు. ఎవరి కప్పు లేచిపోయిందో, ఎవరింట్లో బాలింత ఉందో దానికి ముందే తెలుసు. అందుకే గంటల్లో వచ్చింది. అయితే అలా తెలిసి ఉండటమే ఇప్పుడు మీ ఇంటి మీదికి తిరిగింది. మీ అమ్మగారు ఏ పూట పాటకి వస్తారో, మీ తెప్ప ఎక్కే ఆ ఇద్దరూ ఎవరికి బాకీ ఉన్నారో ఊరికి తెలుసు. ఆదుకోవడానికీ శిక్షించడానికీ అది వాడేది ఒకే తెలివిడి.

ఇంకో సంగతి కూడా నాన్నగారికి గుర్తు చేయండి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో పడవలు తగలబడ్డాయి. నష్టపోయిన పడవల విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏ పల్లె చందాతోనూ పూడే నష్టం కాదది. ఊరి దగ్గర చేతులుంటాయి, డబ్బుండదు. నష్టాన్ని కోట్లమంది మీద తలా కాస్త సర్దగలిగేది రాజ్యం ఒక్కటే. మనిషికి రెండూ కావాలి. ఒకటి తలుపు వేసినప్పుడు తట్టడానికి రెండో తలుపు ఉండాలి. మీకు జరిగిన అన్యాయం సరిగ్గా ఇక్కడుంది. స్టేషన్‌కి వెళ్ళొద్దని ఊరు అంది, ఊరి దగ్గరికే వెళ్ళమని స్టేషన్ అంది. రెండు తలుపులూ కలిసి ఒకటే అయిపోయాయి, అదీ మూసే ఉంది.

అధికారం అనగానే మనకి పోలీసు, కలెక్టరు గుర్తొస్తారు. స్వేచ్ఛకి ముప్పు సమాజం నుంచి ఇంకా ఎక్కువ రావచ్చని 1859లోనే ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ గట్టిగా వాదించాడు. సమాజం వేసే శిక్ష సర్కారు శిక్షంత కఠినంగా కనబడకపోవచ్చు గానీ తప్పించుకునే దారులు మరీ తక్కువ, అది బతుకు లోపలికంటా చొరబడుతుందన్నది ఆయన మాట. జైలుశిక్షకి గడువుంటుంది. వెలికి గడువు ఎవరు రాశారు?

రాజ్యాంగ సభలో కూడా ఇదే రగిలింది. 1948 నవంబరు 4న ముసాయిదాని ప్రవేశపెడుతూ అంబేడ్కర్, ఈ రాజ్యాంగం గ్రామాన్ని పక్కనపెట్టి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నారు. ఆ మాట చాలామంది సభ్యులకి మింగుడుపడలేదు. వారిలో మన రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా ఒకరు. దక్షిణాది గ్రామ పంచాయతీలు సాధించినవి తెలిసి ఉంటే అంబేడ్కర్ ఆ మాట అనేవారు కాదని రంగా బదులిచ్చారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన రంగా గారు ఊరిని అరుగు మీద నుంచి చూశారు, అంబేడ్కర్ పొలిమేర అవతల నుంచి చూశారు. నా మటుకు నాకు, ఊరి న్యాయాన్ని తూచాలంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళని అడిగితే చాలదు. తప్పు వేసిన రోజు రామాలయం దగ్గర మీ అమ్మగారు ఎక్కడున్నారు? ఆవిడని ఒక్క మాటైనా అడిగారా? పాటలోకి రావద్దన్నది ఆవిడనే కదా.

ఇక 'అధికారం ఎవరిచ్చారు' అన్న ప్రశ్న. పెద్దలు చెప్పే జవాబు నేను ఊహించగలను. నువ్విక్కడే పుట్టావు, ఊరి రేవు వాడుకున్నావు, పండగలో తిన్నావు, కాబట్టి కట్టుబాటుకి ఒప్పుకున్నట్టే అంటారు. రాజ్యం విషయంలో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ చేసిన వాదనా దాదాపు ఇదే. ఒకచోట ఉంటూ అక్కడి మేలు అనుభవించడమే మౌనంగా ఒప్పుకోవడం అన్నాడాయన. 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీనికి చెప్పిన జవాబు మీ పల్లెలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. నిద్రలో ఉన్నవాణ్ణి ఓడ ఎక్కించి, నడిసముద్రంలో మెలకువ వచ్చాక, ఇంకా ఓడలోనే ఉన్నావు కాబట్టి కెప్టెన్ పెత్తనానికి ఒప్పుకున్నట్టే అంటే ఎలా? దిగాలంటే దూకి చావాలి. వేట తప్ప మరో పని తెలియని కుటుంబానికి ఊరు వదలడం అలాంటిదే. ఇష్టం లేకపోతే వెళ్ళిపో అనేవాళ్ళు ముందు వెళ్ళడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క చెప్పాలి. ఆ ఖర్చు పెరిగేకొద్దీ, ఉండిపోవడాన్ని ఒప్పుదల అనడం అబద్ధమవుతూ వస్తుంది. ఊరు వదలవద్దని మీకు చెప్పడానికి ఇదొక కారణం.

అలాగని కట్టుబాట్లన్నీ చెత్త అనుకోవడం పొరపాటు. సముద్రానికి గట్లుండవు. ఒకడు చిన్నకన్ను వల వేస్తే పదిమందికి చేపలుండవు, ఇద్దరు ఒకేచోట వల వేస్తే రెండూ చిక్కుపడతాయి. ఇలాంటి ఉమ్మడి ఆస్తిని సర్కారో ప్రైవేటు యజమానో కాపాడాలే తప్ప వాడుకునేవాళ్ళ వల్ల కాదని చాలాకాలం అనుకునేవారు. అమెరికన్ పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ ఆ మాట తప్పని ఉదాహరణలతో చూపించింది. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ శాస్త్రంలో అది అందుకున్న మొదటి మహిళ ఆమే. ఆమె వివరించిన ఉదాహరణల్లో టర్కీలోని అలన్యా రేవు ఒకటి. అక్కడ వంద మంది దాకా జాలర్లు ఉండేవారు. ఏటా సెప్టెంబరులో పేర్ల జాబితా, వేట చోట్ల జాబితా తయారు చేసేవారు. ఒకరి వల ఇంకొకరికి అడ్డం రానంత ఎడంగా చోట్లు గుర్తించేవారు. చీట్లు తీసేవారు. జనవరి దాకా రోజుకో చోటు తూర్పుకి, ఆ తర్వాత మే వరకు రోజుకో చోటు పడమరకి జరిగేవారు. మంచి చోటు అందరికీ వంతుగా వచ్చేది. పక్కవాడు తన చోటు ఆక్రమిస్తే ఆ రోజు నష్టపోయేది తనే కాబట్టి కాపలా కూడా వాళ్ళే కాసేవారు.

మీ పెద్దలకి చెప్పాల్సిన అసలు సంగతి ఆ కథ చివర ఉంది. జాలర్లు సంతకాలు చేసిన ఆ జాబితాని ఏటా మేయరు దగ్గరా, స్థానిక పోలీసు దళం దగ్గరా దాఖలు చేసేవారు. తమ కట్టుబాటుని పోలీసుల దగ్గర దాచలేదు, వాళ్ళ చేతికే ఇచ్చారు. చక్కగా నడిచిన కట్టుబాట్లలో ఆమె గమనించిన లక్షణాలు మరికొన్ని ఉన్నాయి. నియమం ఎవరికి వర్తిస్తుందో దాన్ని మార్చడంలో వాళ్ళకి మాట ఉంటుంది. మొదటిసారి శిక్ష చిన్నది, మళ్ళీ మళ్ళీ చేస్తేనే పెరుగుతుంది. తగువు తేల్చుకునే చోటు దగ్గరలో, తక్కువ ఖర్చుతో ఉంటుంది. మీకు మొదటిసారే 50 వేలు వేశారు. ఇంజను పగలగొట్టినవాడికి ఎంత వేశారో మీరు రాయలేదు. ఏమీ వేయకపోతే అదే మీ వాదనకి వెన్నెముక.

కాబట్టి ఒక సాయంత్రం కూర్చుని మీ ఊరి కట్టుబాట్లన్నీ కాగితం మీద రాసి మూడు కుప్పలు పెట్టండి. ఫలానా రోజు వేట లేదు, ఫలానా వల వాడకూడదు లాంటివి మొదటి కుప్ప. మీరు చేసేది పక్కవాడి వలని తాకుతుంది కాబట్టి ఇక్కడ ఊరికి మాట ఉంది, వీటిని తు.చ. తప్పక పాటించండి. పోయినవాళ్ళ ఇంటికి సాయం, పండగ చందా రెండో కుప్ప. ఇవి ఇచ్చిపుచ్చుకునేవి, బాకీ ఉంటే ఈ వారమే తీర్చి పుస్తకంలో రాయించండి. స్టేషన్‌కి వెళ్ళకూడదన్నది మూడో కుప్ప. మీరు ఫిర్యాదు చేస్తే ఎవరి వలా చిరగదు. ఆ నియమం కాపాడేది సముద్రాన్ని కాదు, తీర్పు చెప్పేవాళ్ళ కుర్చీని. కాదనాల్సింది ఈ ఒక్కదాన్నే.

చట్టం ఏమంటుందో చూద్దాం. మీ పల్లె విశాఖ నగరపాలక సంస్థ (జి.వి.ఎం.సి.) పరిధిలో ఉంటే మీకు ఎన్నికతో వచ్చే ప్రతినిధి కార్పొరేటరు, కుల పెద్దలు కారు. కుల పెద్దలకి జరిమానా వేసే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. కట్ట పంచాయతీలు, అంటే పెద్దలు సొంతంగా తీర్పులు చెప్పి శిక్షలు వేసే పంచాయతీలు, చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో ఆరుముగం సేర్వై కేసులో చెప్పింది. నేరంపై విచారణని నొక్కేయడానికి చేసుకునే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను కింద చెల్లదు. బలవంతం మీద తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలని అదే చట్టం 72వ సెక్షను అంటుంది. వెలి విషయంలో మాత్రం మీకు సూటి చట్టం లేదు. సామాజిక, ఆర్థిక బహిష్కరణని ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ నేరం చేసింది గానీ అది ఎస్సీ, ఎస్టీలకే వర్తిస్తుంది. వాడబలిజ, జాలరి లాంటి మత్స్యకార కులాలు మన దగ్గర బి.సి.-ఎ లో ఉన్నాయి. మహారాష్ట్ర 2016లో అందరికీ వర్తించేలా ఒక చట్టం చేసుకుంది, ఆ రక్షణ ఆ రాష్ట్రం వరకే. మీకు పనికొచ్చేవి ఐ.పి.సి. స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని మామూలు సెక్షన్లు: బెదిరింపుకి 351, దారి అడ్డగింపుకి 126, భయపెట్టి డబ్బు గుంజడానికి 308.

ఇక్కడ ఒక సన్నని గీత ఉంది. మీ తెప్ప ఎక్కనని చెప్పే స్వేచ్ఛ మీ జట్టువాళ్ళకి ఉంది. వాళ్ళు తమంతట తాము మానేస్తే అది నేరం కాదు, మీరు కోపం తెచ్చుకునీ లాభం లేదు. ఎక్కితే నీకూ తప్పు పడుతుందని వాళ్ళని బెదిరించడం నేరం. మీ అమ్మగారి దగ్గర చేపలు కొనకపోవడం వేరు, పాట జరిగేచోటికి నడవనివ్వకుండా అడ్డం నిలబడటం వేరు. ఫిర్యాదులో ఈ తేడా స్పష్టంగా రాయండి. ఊరంతా వెలేసింది అని రాస్తే ఎవరి మీదా కేసు నిలవదు. ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా మనిషి ఈ మాట అన్నాడు, విన్నవాళ్ళు వీళ్ళు అని రాయాలి. ఒక నోటుబుక్ పెట్టి ఏ రోజుది ఆ రోజే రాసుకోండి. గత ఆరు నెలల డీజిల్ బిల్లులు, చేపల అమ్మకం చీటీలు ఒకచోట చేర్చండి. వేట ఆగడం వల్ల రోజుకి ఎంత పోతోందో వాటితోనే తేలుతుంది.

రాజ్యాంగం ఇచ్చిన హక్కు అన్నారు. ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం రాజ్యానికి ఎదురుగా ఇచ్చినవి. అంటరానితనాన్ని నిషేధించే 17వ అధికరణం, వెట్టిని నిషేధించే 23వ అధికరణం లాంటివి పౌరుల మధ్య కూడా పనిచేస్తాయి. 19, 21 అధికరణాలని ప్రభుత్వేతరుల మీద కూడా వినియోగించుకోవచ్చని 2023 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనం అంది. అయినా నేరుగా హైకోర్టుకి పరుగెత్తకండి. దగ్గరలో ఉన్న మెట్లు ఎక్కకుండా అక్కడికి పోతే ఖర్చు మీది, ఆలస్యమూ మీదే.

ఆ మెట్లలో మొదటిది స్టేషనే. రెండో ఫిర్యాదు, అంటే బెదిరింపు గురించినది, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. తీసుకోకపోతే నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) ప్రకారం ఆ ఫిర్యాదుని పోలీసు పై అధికారికి పోస్టులో పంపవచ్చు. విశాఖ నగరంలో కమిషనరేట్ వ్యవస్థ ఉంది కాబట్టి కమిషనర్ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టు చేసి, అక్నాలెడ్జిమెంట్ దాచుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి. ఆన్‌లైన్లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి, చాలామంది ఇది మరిచిపోతారు.

దీంతోపాటే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. ముందు ఫోన్ చేయాలంటే 15100. దరఖాస్తు మీ పేరున కాకుండా అమ్మగారి పేరున పెట్టండి. ఆడవాళ్ళకి ఆదాయ పరిమితితో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, పైగా పాటలోకి రాకుండా ఆపింది ఆవిడనే. రాజీతో తగువులు తేల్చే లోక్ అదాలత్‌కి పంపమని అడగండి. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. ఇంజను కేసులో నష్టం మీ ఒక్కరిదే, 20 వేలకి పైన లక్షకి లోపు కాబట్టి న్యాయ సంహితలో ఆస్తి నష్టం గురించిన 324(4) కిందికి రావచ్చు. అదే అయితే రాజీకి వీలుంది. ఎఫ్.ఐ.ఆర్.లో ఏ సెక్షను వేశారో కాపీ తీసుకుని లాయరుకి చూపించండి. ఆ రాజీకి మీ పెద్దలనీ పిలవండి. వాళ్ళు మాట్లాడి కుదుర్చినది అక్కడ రాతలోకి వస్తుంది. వాళ్ళ మర్యాద దెబ్బతినకుండా వెనక్కి తగ్గే దారి అదొక్కటే నాకు కనబడుతోంది. అవతలివాడు తలదించకుండా వెనక్కి రాగలిగే దారి లేకపోతే ఎంత న్యాయమైన గెలుపూ ఊళ్ళో నిలవదు.

ఇలాంటివి చెడేది ఎక్కువగా కొన్ని పనుల వల్లే. చాటింపు వీడియో వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో పెడితే అది ఆ క్షణం నుంచి పరువు తగాదా అవుతుంది, మీవైపు మెత్తబడుతున్నవాళ్ళు కూడా ఊరి పక్షాన నిలబడిపోతారు. పార్టీ నాయకుణ్ణి పిలిస్తే అవతలివాళ్ళు రెండో పార్టీ నాయకుణ్ణి పిలుస్తారు. ముందు కేసు తీసుకో, తర్వాత చూద్దాం అన్న నోటిమాట నమ్మితే చేతిలో ఏమీ మిగలదు. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. డబ్బు ఏ పేరున ఇస్తారన్నదీ ముఖ్యమే. తప్పు పేరున 500 ఇచ్చినా ఆ కట్టుబాటుని ఒప్పుకున్నట్టే, రేపు ఇంకో ఇంటి ఆడపిల్ల స్టేషన్‌కి వెళ్ళినప్పుడు మీ పేరే చూపిస్తారు. ఊరి నిధికి ఇష్టపూర్వకంగా ఏదైనా ఇవ్వదలిస్తే, ఆ మాటే రాసిన రసీదుతో ఇవ్వండి.

వేసవిలో వేట నిషేధం సంగతి ముందే చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి కాబట్టి మాట్లాడుకోవడానికి అది మంచి సమయం. కానీ నిషేధ కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం పడవల లెక్క తీసేదీ ఆ రోజుల్లోనే. వెలిలో ఉన్నవాడి తెప్పని పెద్దలు చూపించకుండా వదిలేయవచ్చు. రిజిస్ట్రేషన్ కాగితం, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులతో మత్స్యశాఖ కార్యాలయంలో నేరుగా అర్జీ ఇచ్చి, లెక్క తీసే రోజు తెప్ప దగ్గరే ఉండండి. పేరు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టుకోవచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు పెద్దలకి ఒక పేజీ ఉత్తరం రాయండి. తుపాను నాడు ఊరు చేసిన మేలు మొదటి పేరాలో, మనస్ఫూర్తిగా. మీరు పాటిస్తున్న కట్టుబాట్లు, కట్టిన చందాలు రెండో పేరాలో. మూడోదాంట్లో, కంప్లయింట్ ఇచ్చే ముందు పెద్దలతో ఒక మాట చెప్పి ఉంటే బాగుండేదని మీకు నిజంగా అనిపిస్తేనే ఆ మాట రాయండి, లేకపోతే వద్దు. నాలుగోది ఇలా ఉండవచ్చు: 'వేట గురించి ఊరి మాట దాటను. నేరం జరిగితే స్టేషన్‌కి వెళ్ళే హక్కు వదులుకోను. తప్పు కట్టలేను. లోక్ అదాలత్‌లో మీ అందరి ఎదుట రాజీకి సిద్ధం. స్టేషన్ కట్టుబాటు గురించి ఊరంతా, ఆడవాళ్ళు కూడా కూర్చుని మళ్ళీ మాట్లాడాలని కోరుతున్నాను.' కింద తేదీ, సంతకం. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఆ ఉత్తరం మీరు తీసుకెళ్ళకండి. మీ నాన్నగారికి చదివి వినిపించండి. మొదటి పేరా ఆయన మాటే కాబట్టి, అందులో ఏదైనా తక్కువైందంటే ఆయన చెప్పినట్టు మార్చండి. రామాలయం దగ్గరికి ఆయన చేతికిచ్చి పంపండి.